వినుట యను విద్య



పాఠశాలలో మేము చదువుట నేర్పుదుము, వ్రాయుట నేర్పుదుము, సభలో నిలిచి మాటలాడుటయు నేర్పుదుము. వినుట మాత్రము ఎవ్వరికిని నేర్పము. చెవులున్నవారి కందరికి నది పుట్టుకతోనే వచ్చునని తలంచుచుంటిమి. ఈ తలంపు తప్పని గ్రహించుటకు మాకు చాలకాలము పట్టెను.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో నొక బాలుడు ప్రతిదినము ఆలస్యముగా వచ్చుచుండెను. మేము వానిని నిలువబెట్టి కాలముయొక్క విలువను గూర్చి చక్కని ఉపన్యాసము చేసితిమి. వాడు తలవంచుకొని "చిత్తమండి" అనెను. మరునాడును ఆలస్యముగానే వచ్చెను. వారము గడచిన పిమ్మట వాని స్నేహితుని వలన నిజము తెలిసినది. తల్లి జ్వరముతో మంచము పట్టగా, వాడు నీళ్లు మోసి, గంజి కాచి, చెల్లెలిని బడిలో దిగవిడిచి వచ్చుచుండెనట. "ఎందు కాలస్యమైనది?" అని మేము అడిగినమాట నిజమే. కాని బదులు చెప్పుటకు వ్యవధి యియ్యలేదు. నాడు మేము మిక్కిలి సిగ్గుపడితిమి. వినుట యననేమో తెలిసికొనవలెనని వెదకుచుండగా, కార్ల్ రోజర్సు అను అమెరికా దేశపు మనస్తత్వశాస్త్రజ్ఞుని చరిత్ర మాకు దొరకెను.

ఆయన 1902వ సంవత్సరము జనవరి 8వ తేదీన చికాగో నగరము చెంతనున్న ఓక్ పార్కులో జన్మించెను. పండ్రెండవ యేట కుటుంబము పల్లెకు మారి సేద్యము చేయసాగెను. అందుచేత ఆయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మొదట వ్యవసాయశాస్త్రమునే చదివెను. 1922లో పెకింగు నగరమున జరిగిన ప్రపంచ క్రైస్తవ విద్యార్థుల సమావేశమునకు వెళ్లి, నిష్కపటులైన మనుష్యులును భిన్నమైన నమ్మకములు గలిగి యుందురని కనుగొనెను. 1924లో బోధకుడగుటకై న్యూయార్కులోని యూనియన్ వేదాంత పాఠశాలలో చేరెను. రెండేండ్ల తరువాత వీధి కావలిప్రక్కనున్న కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలకు మారెను. మేమును అట్టి కళాశాలలో శిక్షణ పొందినవారమే గనుక ఈ సంగతి మాకు మిగుల ప్రీతికరము.

1928 మొదలు పండ్రెండు సంవత్సరములు ఆయన రాచెస్టరు నగరమున, చిక్కులలో బడిన బాలబాలికల నడుమ పనిచేసెను. అక్కడ నొక తల్లి తన తుంటరి కుమారునిగూర్చి ఆయనయొద్దకు వచ్చుచుండెను. బిడ్డ దోషమునకు మూలము తల్లి నిరాదరణమేయని ఆయనకు తోచెను. ఆ సంగతిని ఆమెకు బోధపరచుటకు ఎన్నియో పర్యాయములు యత్నించెను గాని ఫలము లేకపోయెను. తుదకు ప్రయత్నము విరమింతమని యిరువురును ఒప్పుకొనిరి. ఆమె వాకిటివరకు పోయి, వెనుదిరిగి, పెద్దవారికి కూడ ఇచ్చట సహాయము చేయుదురా యని అడిగెను. పిమ్మట మరల కూర్చుండి తన సంసారములోని దుఃఖమంతయు వెళ్లబోసికొనెను. ఆయన ఊరక వినెను. నిజమైన చికిత్స ఆనాడే ప్రారంభమాయెను; తల్లికిని బిడ్డకును మేలు కలిగెను. నొప్పి యెచ్చట నున్నదో నొచ్చినవారికే తెలియునని ఆయన నేర్చుకొనిన దప్పుడే.

1940లో ఆయన ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, కౌన్సిలరు జరుపు సంభాషణలను గ్రామఫోను ప్లేట్లపై నెక్కించి, శిష్యులతో గూడి మరల మరల విని పరీక్షించెను. ఏ మాట రోగి హృదయమును తెరచినదో, ఏ మాట మూసినదో వాటివలన తెలియుచుండెను. 1957లో ప్రచురించిన వ్యాసమున, సహాయము చేయువానికి ముఖ్యముగా మూడు గుణము లుండవలెనని చెప్పెను: కపటము లేకుండుట, ఎదుటివానిని షరతులు పెట్టక ఆదరించుట, వాని కన్నులతో వాని కష్టమును చూచుట. 1987లో మరణించువరకు ఆయన ఈ మార్గమునే బోధించెను.

వినుట యనగా ప్రతిదానికి తల యూచుట కాదు. తప్పును ఒప్పనుటయు కాదు. మధ్యలో మాట త్రుంచకుండుట; వెంటనే తీర్పు చెప్పకుండుట; విన్నదానిని మన మాటలలో మరల చెప్పి, "నీవు చెప్పినది ఇదియేనా?" అని అడిగి సరిచూచుకొనుట. ఇది చేసి చూచిన గాని దీని కష్టము తెలియదు. నాలుక తొందరపడును; సలహా పెదవులపైకి వచ్చి నిలుచును. దానిని ఆపుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

తలిదండ్రులారా, పరీక్షలో తప్పిన బిడ్డ ఇంటికి వచ్చిన సాయంకాలము, మందలింపునకు ముందు పదినిమిషములు వినుడు. విద్యార్థులారా, మీ స్నేహితుడు అకస్మాత్తుగా మౌనము వహించినయెడల వానిప్రక్కన కూర్చుండుడు. వాడు ప్రాణము తీసికొందునని పలికినచో దానిని రహస్యముగా దాచక, వెంటనే నమ్మదగిన పెద్దవారికి తెలుపుడు. 2022వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన భారత ప్రభుత్వమువారు ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత సహాయము 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు లభించును, తెలుగులోనే మాటలాడవచ్చును.

నేడు మా తరగతికి ఎవరైన ఆలస్యముగా వచ్చినయెడల, "ఏమైనది నాయనా?" అని అడిగి, మేము నోరు మూసికొని నిలుచుచున్నాము. పాఠమునకు రెండు నిమిషములు తక్కువగును. ఆ నిమిషములు వ్యర్థమైనవని మాకు నేటివరకు తోచలేదు.