వరండా… నీరెండ గది కావాలంటే!

దుమ్ము రాదు. దోమ రాదు. కోతుల బెడద ఉండదు. పైగా ఇంటికో గది కలిసొస్తుంది. వరండాకి అద్దాలు బిగించాలనుకునే ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటలివి. అన్నీ నిజమే. కానీ అద్దం ఆపలేనిది ఒకటుంది. అదే ఎండ!

డిసెంబరు నెల. ఉదయం ఏడున్నర. కొత్తగా అద్దాల తలుపులు బిగించిన వరండాలోకి నీరెండ ఏటవాలుగా పడుతోంది. తాతగారు పడక్కుర్చీలో పేపరు చదువుతున్నారు. మనవరాలు గచ్చంతా బొమ్మలు పరిచేసింది. కాఫీ గ్లాసులతో వచ్చిన బామ్మ 'ఇన్నాళ్లూ ఈ పని ఎందుకు చేయించలేదర్రా' అని మురిసిపోతోంది.

అదే వరండా. ఏప్రిల్ నెల. మధ్యాహ్నం మూడు గంటలు. అక్కడ ఎవరూ లేరు. మందపాటి కర్టెన్లు కిందికి దించేసి ఉన్నాయి. పడక్కుర్చీ హాల్లోకి వచ్చేసింది. వరండాలోకి తెరుచుకునే హాలు కిటికీలోంచి వేడిగాలి కొడుతోందని దాన్నీ మూసేశారు. పట్టపగలే లైటు, ఫ్యాను, ఏసీ. 'ఇదివరకు మధ్యాహ్నం అక్కడే కునుకు తీసేవాణ్నమ్మా' అంటున్నారు తాతగారు.

ఇది ఏ ఒక్క ఇంటి కథో కాదు. వేలు ఖర్చుపెట్టి వరండా మూయించుకున్న చాలా ఇళ్లలో తొలి వేసవిలోనే ఎదురయ్యే అనుభవం. పనివాళ్ల తప్పు కాదు, అద్దాల తప్పూ కాదు. నీడ కోసం కట్టినదాన్ని ఎండ పట్టే గదిగా మార్చేశాం. ఆ సంగతి ఎండ ముదిరేదాకా గుర్తుకు రాలేదు!

ఇది నీడకి, అది ఎండకి

మన వసారా అయినా, పంచ అయినా, నేటి వరండా అయినా చేసే పని ఒక్కటే. ఎండని ఇంటి గోడ మీద పడనివ్వదు. వాన జల్లుని గుమ్మం దాకా రానివ్వదు. గాలిని మాత్రం ఆపదు. అందుకే మండుటెండలో వీధిలోంచి వచ్చినవాళ్లు వరండాలో అడుగుపెట్టగానే 'హమ్మయ్య' అనుకుంటారు.

సన్‌రూమ్ అనే అద్దాల గది పుట్టింది చలిదేశాల్లో. బ్రిటన్‌లో ఒకప్పుడు అద్దం మీద పన్ను ఉండేది. 1845లో దాన్ని ఎత్తేశారు. ఆ తరవాత ఆరేళ్లకే, 1851లో లండన్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ రూపొందించిన క్రిస్టల్ ప్యాలెస్ ఇనుము, అద్దాలతో లేచి నిలబడి లోకాన్ని ఆశ్చర్యపరిచింది. ఇంటి పక్కన అద్దాల గది కట్టుకుని మొక్కలు పెంచడం అక్కడి సంపన్నులకి సరదాగా మారింది.

అమెరికాలో ఇంటి వెనక రాళ్లు పరిచిన ఆరుబయలు జాగాని పాటియో అంటారు. దానికి కప్పు వేసి, చుట్టూ అద్దాలు బిగించి సన్‌రూమ్‌గా మార్చుకోవడం అక్కడ మామూలే. చలికాలం తప్ప వాడుకునేది 'త్రీ సీజన్ రూమ్'. వెచ్చదనానికి ఏర్పాట్లుండి ఏడాదంతా వాడుకునేది 'ఫోర్ సీజన్ రూమ్'. మంచు కురిసే రాష్ట్రాల్లోని తెలుగు ఇళ్లలో కరివేపాకు కుండీ, తులసి కుండీ చలికాలం గట్టెక్కేది ఇలాంటి ఎండ తగిలే గదుల్లోనే. అక్కడ ఎండ దొరకడమే అదృష్టం. మనకో… ఏడాదిలో ఎక్కువ రోజులు నీడ దొరకడమే అదృష్టం!

అద్దం చేసే మాయ

ఎండలో నిలిపిన కారు తలుపు తీస్తే మొహానికి ఆవిరి కొట్టినట్టుంటుంది కదా! మూసిన వరండాలో జరిగేదీ అదే. సూర్యకాంతిని అద్దం ఇట్టే లోపలికి వదులుతుంది. ఆ కాంతికి గచ్చు, గోడలు, కుర్చీలు వేడెక్కుతాయి. వాటి నుంచి వచ్చే వేడి కిరణాలు మాత్రం అద్దం దాటి నేరుగా బయటికి పోలేవు. వేడెక్కిన గాలికీ దారి ఉండదు. సాదా అద్దం తన మీద పడ్డ ఎండ వేడిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు లోపలికి పంపిస్తుంది.

'కర్టెన్లు వేస్తే సరి' అనుకుంటారు చాలామంది. కానీ కర్టెన్ అద్దానికి లోపలివైపు ఉంటుంది. అప్పటికే ఎండ గదిలోకి వచ్చేసినట్టే. దాన్ని అద్దానికి బయటే ఆపాలి. వెదురు చిక్‌లు, వట్టివేళ్ల తడికెలు, పందిరికి పాకించిన తీగలు… పాతకాలపు ఈ ఉపాయాలు ఇప్పటికీ కర్టెన్లకన్నా బాగా పనిచేస్తాయి. వేడిని తగ్గించే సోలార్ కంట్రోల్ గ్లాసులూ దొరుకుతున్నాయి. ధర ఎక్కువ. బయట నీడ ఉంటే వాటి అవసరం చాలావరకూ తగ్గుతుంది.

ఇంకో సంగతి. పెద్దవాళ్లు అద్దాల గదిలో కూర్చుంటే విటమిన్ డి అందుతుందని సంబరపడుతుంటారు. చర్మంలో ఆ విటమిన్ తయారవడానికి కావాల్సిన అల్ట్రావయొలెట్ బి కిరణాలను మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అద్దం వెనక దక్కేది వెచ్చదనమే. దిండు గలీబుల రంగు వెలిసిపోయేలా చేసే కిరణాలు మాత్రం చాలావరకు లోపలికి వచ్చేస్తాయి!

మీ వరండా ఎటు చూస్తోంది?

అద్దాల ధర అడిగేముందు అడగాల్సిన ప్రశ్న ఇది.

దక్షిణం: మన దగ్గర నీరెండ గదికి అన్నిటికన్నా అనువైన దిక్కు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఎండ గది లోపలిదాకా వస్తుంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదట్లోదాకా హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. పైన సన్‌షేడ్ ఉంటే మిగతా పని అదే చూసుకుంటుంది. దక్షిణం గోడకి రెండడుగుల సన్‌షేడ్ ఉందనుకుందాం. డిసెంబరు ఆఖర్లో మిట్టమధ్యాహ్నం దాని నీడ సుమారు రెండుంబావు అడుగుల కిందిదాకే పడుతుంది. మార్చి మూడో వారానికి ఆరడుగులు దాటుతుంది. చలికి ఎండ, వేసవికి నీడ… రెండూ దక్కినట్టే.

తూర్పు: పొద్దుటి కాఫీకి, పేపరుకి బాగుంటుంది. వేసవిలో మాత్రం ఎనిమిదింటికే చిక్‌లు దించుకోవాలి.

ఉత్తరం: చలికాలం ఎండ రాదు. అయితే రోజంతా నిలకడైన వెలుతురు ఉంటుంది. పిల్లల చదువుకి, కుట్టుపనికి అనుకూలం.

పడమర: జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. సాయంత్రపు ఎండ వాలుగా వస్తుంది కాబట్టి సన్‌షేడ్ దాన్ని ఆపలేదు. పడమటి వరండాకి నిలువెత్తు అద్దాలు పెట్టడమంటే వేసవి సాయంత్రాలను వదులుకోవడమే. చెట్టో, చిక్కో, జాలీ గోడో బయట అడ్డం ఉంటేనే ఆలోచించండి.

మూసినా… తెరుచుకోవాలి

తలుపుల ఎంపికలోనే సగం ఫలితం ఉంది. ఎక్కువమంది పెట్టించేది రెండు రెక్కల స్లైడింగ్ తలుపు. ఒక రెక్క జరిపితే రెండోదాని వెనక్కి వెళ్తుంది కాబట్టి ఎంత తెరిచినా గాలి వచ్చేది సగం జాగాలోంచే. మడత తలుపులు, బయటికి తెరుచుకునే రెక్కలు అయితే వరండా మళ్లీ వరండా అయిపోతుంది. స్లైడింగే కావాలంటే మూడు ట్రాకులది తీసుకుని అందులో ఒకటి దోమల మెష్‌కి కేటాయించుకోవచ్చు.

గాలికి ఎంత జాగా వదలాలి? జాతీయ భవన నిర్మాణ కోడ్ ప్రకారం కిటికీల్లాంటి తెరుచుకునే జాగా గది వైశాల్యంలో పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు, తేమ వేడి ప్రాంతాల్లో ఆరో వంతు ఉండాలి. హాలు కూడా ఆ వరండా మీదుగానే గాలి పీల్చుకుంటుంటే రెండిటి వైశాల్యమూ కలిపి లెక్కేసుకోవడం మంచిది. వరండా 120 చదరపు అడుగులు, హాలు 180 అయితే మొత్తం 300. కోస్తా ఊళ్లో 50, పొడి వేడి ఊళ్లో 30 చదరపు అడుగుల మేర తెరుచుకోవాలి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి కప్పుకి దగ్గరగా చిన్న వెంటిలేటర్లు పెట్టిస్తే మరీ మంచిది.

ఫ్రేములకి అల్యూమినియం సన్నగా, నాజూగ్గా ఉంటుంది కానీ త్వరగా వేడెక్కుతుంది. యూపీవీసీ అంత వేడిని లోపలికి చేరవేయదు. పెద్ద తలుపులైతే దాని లోపల స్టీలు పట్టీ ఉందో లేదో అడగాలి. అద్దం తప్పకుండా టఫెన్డ్ అయి ఉండాలి. పగిలినా కత్తుల్లాంటి పెంకులు కాకుండా చిన్నచిన్న ముక్కలుగా రాలుతుంది. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయలేరు, రంధ్రం వేయలేరు. కాబట్టి కొలతలు రెండుసార్లు చూసుకోవాలి. పై అంతస్తుల్లో, తుపాను ఊళ్లలో లామినేటెడ్ అద్దం మేలు. పగిలినా ముక్కలు పొరకే అంటుకుని ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖని తాకినప్పుడు పగిలిపడిన అద్దాలను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

కప్పు, నేల మరవొద్దు

ఉన్న శ్లాబు కిందే గది చేసుకుంటే చిక్కు తక్కువ. ఆరుబయలు జాగాకి కొత్తగా కప్పు వేయాలంటే మాత్రం అద్దం కప్పు జోలికి పోవద్దు. మన వేసవి సూర్యుడు నడినెత్తినే ఉంటాడు. పాలీకార్బొనేట్ షీటు వేస్తే ఎండని తట్టుకునే పూత ఉన్న వైపు పైకే ఉండాలి. అది వేడికి సాగుతుంది కూడా. మూడు మీటర్ల షీటు చలికాలం తెల్లవారుజాముకీ, మండువేసవికీ మధ్య ఏడెనిమిది మిల్లీమీటర్లు పెరుగుతుంది. స్క్రూల దగ్గర ఆ మేరకు ఖాళీ వదలకపోతే పగుళ్లు, ఆపై కారుడు. పాత గోడకీ కొత్త కప్పుకీ మధ్య అతుకే వానకి మొదట లొంగేది.

వరండా గచ్చు బయటికి వాలుగా ఉంటుంది, నీళ్లు పోవడానికి. దాని అంచున తలుపు ట్రాకు బిగిస్తే ఆ దారి మూసుకుపోతుంది. ట్రాకులో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి.

పని మొదలుపెట్టేముందు…

* గ్యాస్ సిలిండరు ఉన్న వరండాని, యుటిలిటీ బాల్కనీని మూయొద్దు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల దగ్గరే పేరుకుంటుంది. గ్యాస్ గీజరు ఉంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. గాలి ఆడని చోట అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ప్రాణాలే పోతాయి.
* ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ అంచున ఇటుక గోడ కట్టొద్దు. నాలుగున్నర అంగుళాల గోడ మూడడుగుల ఎత్తు కట్టినా మీటరు పొడవుకి సుమారు 200 కిలోల బరువు. ఇంజినీరు చూశాకే ఏ పనైనా.
* గ్రిల్స్ పెట్టిస్తే లోపలి నుంచి తెరుచుకునే ద్వారం ఒకటి ఉండాలి. అగ్నిప్రమాదం జరిగితే అదే దారి.
* ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలంలోకి గది చొచ్చుకొస్తే అది అతిక్రమణే. పురపాలక కార్యాలయంలో అడిగాకే మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్ అయితే సంఘం అనుమతీ తీసుకోండి.

ఒక్క ఏడాది ఆగితే?

తొందరేం లేదనుకుంటే ఓ చిన్న పని చేయొచ్చు. ఈ ఏడాది అద్దాలకు బదులు మెష్ తలుపులు, చిక్‌లు మాత్రమే పెట్టించండి. చాలామంది వరండా మూయించేది దోమల కోసమే. ఆ సమస్య దీంతోనే తీరిపోవచ్చు. నెలకోసారి, ఒకే వేళకి, ఎండ ఎక్కడిదాకా వచ్చిందో గచ్చు మీద సుద్దముక్కతో గీత గీయమని పిల్లలకి చెప్పండి. డిసెంబరు గీతకీ, మే గీతకీ తేడా చూశాక అద్దం ఎక్కడ కావాలో, ఎక్కడ అక్కర్లేదో మీకే తెలుస్తుంది.

అప్పటికే అద్దాలు బిగించేశారా? అయినా ఫర్వాలేదు. బయట చిక్‌లు కట్టించండి, పైన వెంటిలేటరు తీయించండి, కదలని రెక్కలను తెరుచుకునేలా మార్పించండి. పొద్దువాలగానే తలుపులన్నీ బార్లా తెరిచేయండి. ఆ వేళకి తాతగారి పడక్కుర్చీని మళ్లీ వరండాలో వేయండి. ఆయనకి కావాల్సింది గాలి ఒక్కటే కాదు. దారినపోయేవాళ్లు గేటు దగ్గర ఆగి 'బావున్నారా మాస్టారూ' అంటే ఆయనకి వినపడాలి కదా!