మాటకు దారి: సూరత్ తెలుగువారు, లినక్స్, ఇంటర్నెట్ టెలిఫోన్

తపతీ నదీతీరాన వెలసిన సూరత్ నగరానికీ తెలుగు దేశానికీ గల సంబంధం నేటిది కాదు. పదిహేడవ శతాబ్దంలో పశ్చిమ తీరాన సూరత్, తూర్పు తీరాన మచిలీపట్నం వస్త్ర వ్యాపారానికి రెండు ముఖద్వారాలుగా ఉండేవి. ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్నంలోను, 1613లో సూరత్‌లోను తమ వర్తక స్థానాలను నెలకొల్పారు. సూరత్ నుండి గోల్కొండకు సాగే బాటను ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ తన యాత్రా గ్రంథంలో వర్ణించాడు. ఆనాడు ఈ రెండు ప్రాంతాల నడుమ సరకు ప్రయాణం చేసింది. తరువాతి కాలంలో ఆ సరకును నేసే మనుషులే ప్రయాణం కట్టారు.

వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ, మెదక్ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు చేనేతకు గిరాకీ తగ్గిన కొద్దీ షోలాపూర్, భివండీ, సూరత్‌లలోని మరమగ్గాలను ఆశ్రయించాయి. సూరత్‌లో లింబాయత్ ప్రాంతం తెలుగువారి నివాసాలకు పేరుపడింది. ఈ నగరంలో పాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోను పాఠశాలలు నడుపుతున్నది. అహమ్మదాబాదు నుండి చెన్నైకి వెళ్ళే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌లో ఎక్కిన నేతకారుణ్ణి వరంగల్లులో దించుతుంది. అయితే రైలు ఏడాదికి ఒకటి రెండు మార్లు మాత్రమే అందే సౌకర్యం. మిగిలిన దినాలలో తల్లిదండ్రుల యోగక్షేమాలు తెలిసేదీ, పిల్లల నోట మాతృభాష నిలిచేదీ మాట ద్వారానే. ఆ మాట ఎంత ఖరీదన్నది అందుచేత చిన్న ప్రశ్న కాదు.

దూరాన్ని బట్టి ధర

ఆపరేటరు సహాయం లేకుండా నేరుగా మరొక నగరానికి ఫోను చేసే ఎస్.టి.డి. పద్ధతి మన దేశంలో 1960లో లక్నో, కాన్పూర్‌ల మధ్య ఆరంభమయింది. 1980ల నుండి వీధి వీధినా వెలసిన ఎస్.టి.డి. బూత్‌లు వలస కార్మికునికి ఊరితో మాట్లాడే అవకాశం కల్పించాయి. కాని దూరం పెరిగిన కొద్దీ రుసుము పెరిగేది. రాయితీ వేళ కోసం రాత్రి పొద్దుపోయేదాకా వేచి, గోడపై వెలిగే మీటరు అంకెలను చూస్తూ మాట్లాడవలసి వచ్చేది. మీటరు తిరిగే వేగమే సంభాషణకు హద్దు గీసేది.

2006 మార్చి 1న భారత సంచార్ నిగమ్, మహానగర్ టెలిఫోన్ నిగమ్ సంస్థలు ప్రవేశపెట్టిన 'వన్ ఇండియా' పథకం దేశంలో ఏ మూల నుండి ఏ మూలకైనా నిమిషానికి ఒక్క రూపాయితో మాట్లాడే వీలు కల్పించింది. 2016 సెప్టెంబరు తరువాత, నెలసరి రుసుము చెల్లించినవారికి దేశంలోపలి మాటలకు విడిగా లెక్క కట్టని పద్ధతి వ్యాపించింది. కనుక సూరత్ నుండి సిరిసిల్లకు మాట్లాడటానికి నేడు చాలామందికి మామూలు మొబైల్ ఫోనే చౌకైన సాధనం. ఈ సంగతిని ముందుగా చెప్పుకొనడం న్యాయం.

అయినా ఇంటర్నెట్ టెలిఫోన్ అవసరం తీరిపోలేదు. ఇందుకు మూడు కారణాలు ఉన్నాయి. మొదటిది, రీచార్జి గడువు. మగ్గాలకు పని తగ్గిన నెలలో ఇంట్లో నాలుగు ఫోన్లకూ రుసుము కట్టడం భారమే; గడువు ముగిసిన ఫోను నుండి మాట బయటికి పోదు. రెండవది, విదేశాలు. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలలో ఒక అన్న సూరత్ మరమగ్గం మీద ఉంటే, తమ్ముడు గల్ఫ్ దేశంలో ఉండటం వింత కాదు. విదేశాలకు చేసే మామూలు ఫోనుకు నేటికీ నిమిషాల లెక్కన రుసుము తప్పదు. మూడవది, ముఖాముఖి చూపు. మనుమరాలి ముఖం చూడగోరే అవ్వకు వట్టి గొంతు చాలదు.

మాట ఎట్లా ప్రయాణిస్తుంది?

పాత టెలిఫోను పద్ధతిలో మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఒక తీగ మార్గం ఆ సంభాషణ ముగిసేదాకా వారికే కేటాయింపబడేది. ఇంటర్నెట్‌లో అటువంటి కేటాయింపు లేదు. మైక్రోఫోను గ్రహించిన స్వరాన్ని కంప్యూటరు అంకెలుగా మారుస్తుంది. టెలిఫోను ప్రమాణంలో సెకనుకు 8,000 మార్లు స్వరాన్ని కొలుస్తారు. ఆ అంకెలను సాధారణంగా 20 మిల్లీసెకన్ల తునకలుగా విడదీసి, ఒక్కొక్క తునకపై చిరునామా వ్రాసి పంపుతారు. ఒక్కొక్క తునక ఒక్కొక్క ఉత్తరం వంటిది. అవతలి కంప్యూటరు వాటిని వరుసలో పేర్చి తిరిగి స్వరంగా మారుస్తుంది.

పాత ప్రమాణాన్నే వాడితే మాటకు సెకనుకు 64 కిలోబిట్లు, చిరునామాల భారంతో కలిపి సుమారు 80 కిలోబిట్లు అవసరం. 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన 'ఓపస్' అనే సంకోచ పద్ధతి 24 కిలోబిట్లకే స్పష్టమైన స్వరాన్ని ఇవ్వగలదు. చిరునామాలతో కలిపి, రానూ పోనూ లెక్కించినా నిమిషానికి 0.6 మెగాబైట్లు, గంటకు 36 మెగాబైట్లు మించదు. అనగా ఒక గిగాబైటుతో పాతిక గంటలకు పైగా మాట్లాడవచ్చు. ఓపస్‌ను వాడుకొనడానికి ఎవరికీ రుసుము చెల్లించనక్కర లేదు.

మాట చౌక అయినంత మాత్రాన నాణ్యత దానంతట అదే రాదు. స్వరం ఒక వైపు నుండి మరొక వైపుకు 150 మిల్లీసెకన్ల లోపున చేరితే సంభాషణ సహజంగా సాగుతుందని అంతర్జాతీయ టెలికం సంస్థ సిఫారసు. ఆలస్యం ఎక్కువైతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఒకేసారి ఆగడం జరుగుతుంది.

లినక్స్ పాత్ర

1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్, ఎవరైనా ఉచితంగా వాడుకొని, చదివి, మార్చుకొనగల కంప్యూటరు వ్యవస్థకు ఆధారం. ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటికీ మూలం లినక్సే. కనుక సూరత్ కార్మికుడు తెలియకుండానే లినక్స్ వినియోగదారుడు.

కంప్యూటరు విషయంలో దీని ప్రయోజనం మరింత స్పష్టం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. తదుపరి వ్యవస్థను మోయలేని పాత కంప్యూటర్లు ఎన్నో మూలన పడ్డాయి. వాటిలో తేలికపాటి లినక్స్‌ను అమర్చితే మాట్లాడటానికి, చదువుకొనడానికి చక్కగా పనికివస్తాయి. ఒకే యంత్రంలో తండ్రి తెలుగులోను, గుజరాతీ బడిలో చదివే కుమారుడు గుజరాతీలోను తెర మీది ఆదేశాలను చూచుకొనవచ్చు. సి-డాక్ సంస్థ రూపొందించిన 'బాస్' లినక్స్ భారతీయ భాషలకు తోడ్పడుతున్నది. హైదరాబాదుకు చెందిన 'స్వేచ్ఛ' బృందం తెలుగు లినక్స్ కోసం కృషి చేసింది.

టెలిఫోన్ చరిత్రలో లినక్స్‌కు సముచిత స్థానమే ఉంది. 1999లో అమెరికాలోని అలబామాలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు లినక్స్ సహాయ సంస్థ నొకదానిని నెలకొల్పాడు. కార్యాలయానికి టెలిఫోన్ ఎక్స్‌చేంజి కొనే స్తోమత లేక, ఆ పనిని చేసే ప్రోగ్రామును తానే వ్రాసుకున్నాడు. 'ఆస్టరిస్క్' అనే ఆ ప్రోగ్రాము ఒక సాధారణ కంప్యూటరును ఎక్స్‌చేంజిగా మార్చుతుంది. దానిని అందరికీ ఉచితంగా ఇచ్చినందున అనేక దేశాలలోని కార్యాలయాలకు అది ఉపకరించింది. లేమి నుండి పుట్టిన ఆలోచన లోకానికి సొమ్ముగా మారిన ఉదాహరణ ఇది.

అందుబాటులో ఉన్న మార్గాలు

లినక్స్ కంప్యూటరు గలవారికి నేడు నాలుగు విధాలైన మార్గాలు ఉన్నాయి.

మొదటిది, బ్రౌజరు ద్వారా మాట్లాడటం. 'జిట్సి మీట్' వంటి సేవలో ఒకరు సమావేశాన్ని తెరచి చిరునామా పంపితే మిగిలినవారు ఏ యంత్రం నుండైనా చేరవచ్చు. ఇందుకు మూలమైన 'వెబ్ ఆర్.టి.సి.' 2021 జనవరిలో అధికారిక ప్రమాణమయింది. కుటుంబమంతా ఒకేసారి కలియడానికి ఇది అనువైనది.

రెండవది, సిగ్నల్, టెలిగ్రామ్ వంటి సందేశ సేవలు. ఈ రెండింటికీ లినక్స్ రూపాలు ఉన్నాయి; వాటినుండి మాట్లాడవచ్చు. కాని ఖాతా తెరవడానికి ఒక ఫోను నంబరు అవసరం. అవతలివారు కూడా అదే సేవలో ఉండాలి.

మూడవది, 'జామి' వంటి ప్రోగ్రాము. దీనికి ఫోను నంబరు అక్కరలేదు. నడుమ ఒక సంస్థ ఖాతాలను భద్రపరచదు. రెండు కంప్యూటర్లు నేరుగా కలుస్తాయి. అయితే రెండు వైపులా యంత్రాలు తెరచి ఉండటం అవసరం.

నాలుగవది, 'సిప్' అనే బహిరంగ ప్రమాణం. 2001లో లినక్స్ కోసం ఆరంభమైన 'లిన్‌ఫోన్' ఈ ప్రమాణాన్ని అనుసరిస్తుంది. సిప్ ఖాతా ఏ సంస్థ ఇచ్చినా, దానికి తగిన ప్రోగ్రామును వినియోగదారుడే ఎంచుకొనవచ్చు.

ఈ నాలుగింటికీ ఉమ్మడి జాగ్రత్త ఒకటి ఉంది. చెవికి తగిలించుకునే హెడ్‌సెట్ వాడితే ప్రతిధ్వని తగ్గుతుంది. స్వరం వినబడకపోతే, లినక్స్ ధ్వని అమరికలలో సరైన మైక్రోఫోను ఎంపిక అయినదో లేదో చూడాలి. చాలా ఫిర్యాదులకు అక్కడే పరిష్కారం దొరుకుతుంది.

చట్టం గీసిన హద్దు

ఇంటర్నెట్ టెలిఫోన్‌కు మన దేశంలో 2002 ఏప్రిల్ 1 నుండి పరిమిత అనుమతి లభించింది. కంప్యూటరు నుండి కంప్యూటరుకు, కంప్యూటరు నుండి విదేశీ ఫోనుకు మాట్లాడవచ్చు. దేశంలోని మామూలు ఫోనుకు మాత్రం కూడదు. 2018లో ప్రభుత్వం నిబంధనలను సవరించి, లైసెన్సు గల సంస్థలు ఇంటర్నెట్ ద్వారా మామూలు నంబర్లకు కూడా మాట కలిపే వీలు కల్పించింది. కనుక ఫోను నంబరుకు మాట్లాడదలచినవారు లైసెన్సు గల సంస్థనే ఆశ్రయించాలి. విదేశీ మాటలను దొంగచాటుగా స్థానిక సిమ్ కార్డుల ద్వారా మళ్ళించే ముఠాలపై పోలీసులు కేసులు పెడుతున్నారు. చౌక అన్న ఆశతో అటువంటి వాటికి ఇంటిని గాని, పేరును గాని అద్దెకు ఇవ్వరాదు. అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి లేని ఇంటర్నెట్ టెలిఫోన్ సేవలపై ఆంక్షలున్నాయి. అక్కడి బంధువు ఏ సేవకు అనుమతి ఉన్నదో తెలుసుకొని చెప్పాలి. ఆపద సమయంలో 112కు ఈ ప్రోగ్రాములపై ఆధారపడరాదు. అందుకు ఇంట ఒక మామూలు ఫోను ఉండవలసిందే.

ఒకే గేజి

చౌకదనాన్ని నేటి ధరతో మాత్రమే కొలవడం పొరపాటు. 2003లో వెలువడిన స్కైప్ అనేక సంవత్సరాలు దూరదేశాలలోని కుటుంబాలను కలిపింది. దానికి లినక్స్ రూపం కూడా ఉండేది. 2014 నవంబరులో భారతదేశంలో దేశీయ ఫోన్లకు మాట్లాడే సౌకర్యాన్ని ఆ సేవ ఉపసంహరించుకొన్నది. 2025 మే 5న సేవయే మూతపడింది. దానినే నమ్ముకొన్న ముసలి తల్లిదండ్రులకు మరొక పద్ధతిని మొదటినుండి నేర్పవలసి వచ్చింది.

ఒకప్పుడు బ్రాడ్‌గేజి రైలు మీటరుగేజి మీదికి వెళ్ళలేక, ప్రయాణికులు అర్ధరాత్రి మూటాముల్లె దించుకొని బండి మారేవారు. 1992లో ఆరంభమైన ఏక గేజి పథకంతో ఆ బాధ క్రమంగా తగ్గింది. నేటి సందేశ సేవలు చాలావరకు వేర్వేరు గేజిల వంటివి; ఒకదానిలోని మాట మరొకదానిలోకి పోదు. సిప్, ఓపస్, వెబ్ ఆర్.టి.సి. వంటి బహిరంగ ప్రమాణాలు ఏక గేజి వంటివి. ఒక సంస్థ తప్పుకొన్నా పట్టాలు మిగులుతాయి.

కాబట్టి సూరత్‌లోని తెలుగు కుటుంబం దేశంలోపలి మాటకు మొబైల్ ఫోనును, విదేశాలకూ ముఖాముఖి చూపుకూ ఉచిత ప్రోగ్రామును వాడుకొనడం వివేకం. ఒక్కొక్క ఇంట కంప్యూటరు లేకపోవచ్చు. పాఠశాలలో, సంఘ భవనంలో, గ్రంథాలయంలో ఒక పాత యంత్రానికి లినక్స్ అమర్చి, ఆదివారం పూట గంటసేపు తెరచి ఉంచడం పెద్ద ఖర్చు కాదు. ఆ పనికి కాలేజీ విద్యార్థి ఒకరు పూనుకొంటే చాలు. సూరత్ పాఠశాలలో తెలుగు అక్షరాలు దిద్దే బాలిక, సిరిసిల్లలోని అవ్వకు తన పలక చూపి చదివి వినిపించగలుగుతుంది.