రైలు పెట్టెలో రమ్మీ

పార్లమెంటు పేకాట గురించి శాసనం చేసిందంటే కొందరికి నవ్వు రావచ్చు. అయితే ఆ పేకాటలో సంసారాలు కూలిన ఇండ్లవారికి అది నవ్వులాట కాదు. 2025 ఆగస్టు 20న లోక్‌సభ, మరునాడు రాజ్యసభ ఆన్‌లైన్ ఆటల బిల్లును ఆమోదించాయి. 22న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. ఆన్‌లైన్‌లో డబ్బు ఒడ్డి ఆడేది నైపుణ్యపు ఆటయినా, అదృష్టపు ఆటయినా నిషిద్ధమని ఆ శాసనం నిర్దేశించింది. అటువంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. దీనిని సవాలు చేస్తూ కంపెనీలు న్యాయస్థానాల తలుపు తట్టాయి.

నైపుణ్యమా, అదృష్టమా అన్న ఈ వివాదంలో తెలుగువారికి పాత సంబంధమే ఉన్నది. సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వచ్చింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ, రమ్మీలో మాత్రం పడిన ముక్కలను గుర్తుంచుకోవాలనీ, ఏది ఉంచుకోవాలో ఏది పారవేయాలో తెలియాలనీ, కనుక అది ప్రధానంగా నైపుణ్యపు ఆట అనీ 1967లో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెప్పారు. ఆట నడిపేవారు దానినుండి లాభం తీస్తున్నట్లయితే నేరం కావచ్చునని కూడా ఆ తీర్పే హెచ్చరించింది. అర్ధశతాబ్దం తరువాత కంపెనీలు మొదటి మాటను కవచంగా తొడుక్కున్నాయి. దానిని ఛేదించడానికి తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ జూద నిరోధక చట్టాలను సవరించవలసి వచ్చింది.

ఈ వాదోపవాదాలు వింటున్నప్పుడు నాకు రైలులో ఆడే రమ్మీ గుర్తుకు వస్తున్నది. 1976లో ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌గా మొదలై, 2014లో తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌గా పేరు మారిన బండిలో హైదరాబాదు నుండి ఢిల్లీకి రోజుకు పైబడిన ప్రయాణం. స్లీపరు పెట్టెలో ఎనిమిదిమందికి ఒక గది వంటి చోటు. కాజీపేట దాటకముందే ఎవరో పేక తీసేవారు. మోకాళ్ళమీద పరచిన తువ్వాలే బల్ల. బల్హార్షాలో మరాఠీ కుటుంబం ఎక్కితే వారికీ పదమూడు ముక్కలు పంచేవారు. మన ఇస్పేటు హిందీవారికి హుకుం. మన కళావరు వారికి చిడీ. పేర్లు కలియకపోయినా ఆట సాగేది. పేక రానివారికి, పిల్లలకు అంత్యాక్షరి ఉండనే ఉన్నది. ‘ళ’ దగ్గర చిక్కుకున్న తెలుగు పిల్లవాడికి హిందీ పిల్లలు మినహాయింపు ఇవ్వడం నేను చూశాను. ఓడినవారు ఇటార్సీలో అందరికీ టీ ఇప్పించాలి. రాత్రి పదింటికి మధ్య బెర్తు ఎత్తితే ఆట ముగిసినట్లే.

రైలులోనూ పైసలు పెట్టి ఆడినవారు లేకపోలేదు. అమాయకులను ముంచిన మూడు ముక్కల మోసగాళ్ళూ ఉన్నారు. కాని తెలిసినవారి మధ్యనో, అప్పుడే పరిచయమైన కుటుంబాల మధ్యనో సాగిన ఆటకు ఒక కట్టడి ఉండేది. ఓడుతున్నవాని ముఖం అందరికీ కనిపించేది. అతని భార్య పక్కనే ఉండేది. పెద్దవారెవరో “ఇక చాలు నాయనా” అని ముక్కలు ఎత్తివేసేవారు. ఏ చట్టమూ లేకుండానే ఆట అక్కడ ఆగిపోయేది.

ఇటీవలి ప్రయాణాలలో అదే బల్లపై ఎనిమిదిమంది ఎనిమిది ఫోనులు చూచుకొంటూ కూర్చోవడం తరచు కనిపిస్తున్నది. ఎవరు పాట వింటున్నారో, ఎవరు జీతం పోగొట్టుకొంటున్నారో పక్కవానికి తెలియదు. ఫోనులో మధ్య బెర్తు ఎత్తే వేళ లేదు, చాలునని చెప్పే పెద్దా లేడు. కోర్టులు ఆటలోని నైపుణ్యాన్ని తూచాయి. ఆడేవాని పక్కన ఎవరున్నారన్నది ఆ త్రాసులో పడలేదు. నా దృష్టిలో అసలు తేడా అదే.

శాసనం కంపెనీలను మూయించగలదు. దాని అమలు మాత్రం ప్రభుత్వాల పట్టుదలపై ఆధారపడి ఉన్నది. ఈలోగా ఢిల్లీ బండి ఎక్కే పాఠకులు సంచిలో ఒక పేక వేసుకొని రావడం మంచిదని నా సలహా. పందెం మాత్రం టీ దాటకుండా చూచుకోవాలి.