గుర్రం లేచి నిలబడేదాకా...

కాలు విరిగిన గుర్రాన్ని తుపాకితో కాల్చేయడం మీరు సినిమాలలో చూసే ఉంటారు. "మనిషికి కాలు విరిగితే కట్టు కట్టి, నెలా రెండు నెలలు మంచం మీద ఉంచి బాగుచేస్తారు గదా! పాపం, గుర్రానికి మాత్రం ఎందుకు చెయ్యరు?" అని అనుకొని కూడా ఉంటారు. ఈ ప్రశ్నకు జవాబు గుర్రం కాలిలో కొంత ఉంది, దాని స్వభావంలో కొంత ఉంది.

ముందు కాలి సంగతి చూద్దాం. మీ అరచెయ్యి బల్ల మీద ఆనించండి. ఇప్పుడు అరచేతిని పైకెత్తి, ఒక్క మధ్యవేలి కొన మీద మాత్రమే చెయ్యి నిలబెట్టండి. గుర్రం నిలబడేది ఇలాగే! దాని ముందుకాలిలో మనం మోకాలు అనుకొనేది నిజానికి మణికట్టు. దాని కింద ఉన్న పొడుగాటి ఎముక మన అరచేతిలోని ఎముకలాంటిది. గిట్ట అంటే మధ్యవేలి గోరు. మిగిలిన వేళ్లు కోట్ల సంవత్సరాల పరిణామంలో కుంచించుకుపోయాయి. దాదాపు అయిదు వందల కిలోల శరీరం నాలుగు గోళ్ల మీద నిలబడి ఉందన్నమాట. గుర్రం దౌడు తీసేటప్పుడు ఒక్కొక్క క్షణంలో శరీరం బరువుకు రెండింతలు మించిన ఒత్తిడి ఒకే కాలి మీద పడుతుంది.

ఆ మణికట్టుకు దిగువన కండ దాదాపు లేనే లేదు. ఎముక, దాని వెంబడి స్నాయువులు, పైన చర్మం, అంతే. కాలు తేలికగా ఉంటేనే వేగంగా విసరడానికి వీలు. కాని దెబ్బ తగిలినప్పుడు ఈ ఏర్పాటే ముప్పు తెస్తుంది. ఎముకను కాపాడే మెత్తటి కండ లేదు. నెత్తురు కూడా అక్కడికి అంతంతమాత్రంగానే చేరుతుంది. వేగంలో విరిగితే ఎముక రెండు ముక్కలు కాదు, పెంకులు పెంకులుగా పగలవచ్చు.

"సరే, పడుకోబెట్టి అతికించవచ్చు గదా?" అంటారా? అక్కడే ఉంది చిక్కంతా. అంత బరువైన జంతువు గంటల తరబడి ఒకే పక్కన పడుకొంటే, కిందివైపు కండరాలు నలిగి నెత్తురందక పాడవుతాయి. ఊపిరితిత్తులు అణగిపోతాయి. పేగుల కదలిక మందగిస్తుంది. అదీకాక గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. లేవలేకపోవడమంటే దానికి చావుతో సమానం. అందుకే మెలకువ రాగానే లేచి పరుగెత్తాలని చూస్తుంది. "కదలకమ్మా, కాలికి ఆపరేషన్ చేశాం" అని దానికి ఎవరు నచ్చచెప్పగలరు?

1975లో అమెరికాలో జరిగిన ఒక సంఘటన వింటే ఇది ఎంత పెద్ద సమస్యో తెలుస్తుంది. రఫియన్ అనే ఆడ గుర్రం అప్పటికి పది పందేలలో పరుగెత్తి పదీ గెలిచింది. ఆ జూలై 6న న్యూయార్కు బెల్మాంట్ పార్కులో, ఆ ఏటి కెంటకీ డెర్బీ గెలిచిన ఫూలిష్ ప్లెజర్ అనే గుర్రంతో దానికి పోటీ పెట్టారు. పరుగు మధ్యలో రఫియన్ ముందు కుడికాలిలో రెండు సెసమాయిడ్ ఎముకలు విరిగిపోయాయి. (నువ్వుగింజను పోలిన ఎముకలని ఆ మాటకు అర్థం. గుర్రంలో మాత్రం అవి అంత చిన్నవేమీ కావు!) వైద్యులు శ్రమపడి ఆపరేషన్ చేసి, కట్టు వేశారు. తీరా మత్తు వదులుతుండగా రఫియన్ పడుకొనే కాళ్లు విసరడం మొదలుపెట్టింది, ఇంకా పందెంలో ఉన్నట్టే. పలువురు పట్టుకొన్నా ఆగలేదు. వేసిన కట్టు చెదిరి, కాలు మళ్లీ ఛిద్రమైంది. ఇక దాని బాధ చూడలేక ప్రాణం తీయవలసి వచ్చింది.

గుర్రాల ఆస్పత్రిలో ఆపరేషన్ గది ఎంత ముఖ్యమో, మెలకువ వచ్చే గది కూడా అంత ముఖ్యం. ఆ గది గోడలకూ నేలకూ మందమైన పరుపులు తాపి ఉంటాయి. వెలుతురు తక్కువ, శబ్దం అసలు ఉండకూడదు. తలకు ఒక తాడు, తోకకు ఒక తాడు కట్టి, గుర్రం తూలుతూ లేస్తుంటే ఆసరా ఇస్తారు. ఇంత చేసినా, పూర్తి మత్తు ఇచ్చిన గుర్రాలలో సుమారు నూటికి ఒకటి ఆ మత్తు వల్లనో, మేలుకొనేటప్పుడు తగిలిన దెబ్బల వల్లనో చనిపోతున్నట్టు పెద్ద పరిశీలనలలో తేలింది. మనుషులలో ఇది ఎన్నో రెట్లు తక్కువ. కాలికే కాదు, కడుపుకు ఆపరేషన్ చేసినా ఇదే గండం దాటాలి. గుర్రానికి వాంతి చేసుకొనే శక్తి లేదు. ఇరవై మీటర్ల చిన్నపేగు ఎక్కడ మెలిపడినా కత్తి పట్టక తప్పదు.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ కేంద్రంలో దీనికొక చక్కని ఉపాయం ఉంది. అదొక ఈతకొలను. మత్తులో ఉన్న గుర్రాన్ని జోలెలో క్రేనుతో ఎత్తి, ఒక రబ్బరు తెప్పలోకి దింపుతారు. తెప్పకు కింద నాలుగు గొట్టాలు వేలాడుతుంటాయి, పాంటుకు కాళ్లున్నట్టు. గుర్రం కాళ్లు వాటిలోకి దిగుతాయి. నీరు మాత్రం తగలదు. మెలకువ వచ్చి కాళ్లు విసిరినా తగలడానికి గట్టి వస్తువేదీ ఉండదు. పూర్తిగా తెలివి వచ్చాక మళ్లీ క్రేనుతో ఎత్తి, నేల మీద నాలుగు కాళ్లపై నిలబెడతారు.

ఈ తెప్ప ప్రపంచమంతటికీ తెలిసింది 2006లో. బార్బరో అనే గుర్రం ఆ మే 6న కెంటకీ డెర్బీ గెలిచింది. అది దానికి వరుసగా ఆరో గెలుపు. (హైదరాబాదు మలక్‌పేటలో పరుగెత్తే గుర్రాలదీ ఆ జాతే, థరోబ్రెడ్.) రెండు వారాల తరువాత, మే 20న, బాల్టిమోర్‌లోని ప్రీక్‌నెస్ పందెంలో పరుగు మొదలైన కాసేపటికే దాని వెనుక కుడికాలు విరిగింది. జాకీ వెంటనే ఆపి కిందికి దూకాడు. మర్నాడు న్యూ బోల్టన్‌లో డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ ఆపరేషన్ చేశారు. ఒక ఎముక ఇరవైకి పైగా ముక్కలైంది! లోహపు పట్టీ ఒకటి, మరలు ఇరవై ఏడు బిగించి వాటిని నిలబెట్టారు. బార్బరో తెప్పలో ప్రశాంతంగా మేలుకొంది. రఫియన్‌ను బలిగొన్న గండం గడిచింది.

కాని జూలైలో కొత్త చిక్కు వచ్చింది. అదీ విరిగిన కాలిలో కాదు సుమా, బాగున్న ఎడమకాలిలో! గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. దాన్ని గిట్ట గోడకు వందలకొద్దీ సన్నటి పొరలు పట్టి ఉంచుతాయి. గుర్రం బరువంతా ఆ పొరల మీదనే వేలాడుతుంది. పొరలు దెబ్బతింటే ఎముక గిట్ట నుంచి ఊడివస్తుంది. ఈ జబ్బు పేరు లామినైటిస్. బార్బరో ఎడమ గిట్ట గోడలో ఎనభై శాతం తీసివేయవలసి వచ్చింది. అయినా అది తట్టుకొంది. ఆగస్టులో బయటికి వచ్చి పచ్చిక మేసింది. నవంబరులో కుడికాలి కట్టు తీసేశారు. జనవరిలో పరిస్థితి తిరగబడింది. కుడి పాదంలో చీము పట్టింది, ముందుకాళ్లకు కూడా లామినైటిస్ సోకింది. నిలబడడానికి ఒక్క మంచి కాలు మిగలలేదు. 2007 జనవరి 29న వైద్యులు దాన్ని బాధ లేకుండా నిద్రపుచ్చారు.

విరిగిన ఎముక చాలావరకు అతుక్కొంది. గుర్రం మాత్రం దక్కలేదు. దీన్ని ఓటమి అనాలా? నేననను. మంచి కాలికి ఎందుకీ జబ్బు వస్తుందన్న ప్రశ్న మీద తరువాత గట్టి పరిశోధన జరిగింది. బరువు ఎక్కువ కావడమే కారణమని మొదట అనుకొనేవారు. ఆ బరువు కదలకుండా ఉండిపోవడమే అంతకన్న పెద్ద కారణమని ఇప్పుడు తెలిసింది. గుర్రం కాలు మోపి ఎత్తినప్పుడల్లా గిట్టలో నెత్తురు పంపు కొట్టినట్టు కదులుతుంది. ఒక కాలు నొప్పిగా ఉంటే రెండో కాలిని ఎత్తే వీలుండదు, పొరలకు నెత్తురందదు. అందుకే ఇప్పుడు ఆపరేషన్ అయిన గుర్రం నొప్పి తగ్గించడానికీ, అది తరచు కాలు మార్చుకొనేటట్టు చేయడానికీ వైద్యులు ప్రత్యేకంగా పాటుపడతారు.

ఇంత ఖర్చు పెట్టేది కోట్లు పలికే గుర్రాలకే అన్న మాట నిజమే. బండి లాగే గుర్రానికి ఇవన్నీ ఎక్కడివి? అయితే కాలు మార్చుకోవడం అన్ని గుర్రాలూ చేసే పనే. ఈసారి పెళ్లి ఊరేగింపులోనో, జాతరలోనో గుర్రం నిలబడి ఉంటే వెనుక నుంచి కాక పక్కనుంచి, కాస్త దూరంగా ఉండి గమనించండి. వెనుక కాళ్లలో ఒకదాని గిట్ట కొన మాత్రమే నేలకు ఆనించి నడుము వాల్చి ఉంటుంది. కొంతసేపటికి రెండో కాలికి మారుతుంది. ఎంతసేపటికి మారుతుందో గడియారం పెట్టి చూడండి.