మైకు కొనే ముందు ఒక మాట

ఊరికొక టెలిఫోను కూడా సరిగా లేని రోజుల్లో మా ప్రాంతం నుంచి గల్ఫ్‌కు ఉత్తరాలతో పాటు క్యాసెట్లు కూడా వెళ్ళేవి. సెలవు ముగించుకొని తిరుగు ప్రయాణమయ్యేవాని పెట్టెలో, పచ్చడి సీసాల నడుమ, బట్టలో చుట్టిన క్యాసెట్టు ఒకటి తప్పక ఉండేది. ఒక వైపు తల్లి మాటలు, మరొక వైపు భార్య మాటలు. తండ్రి మాత్రం సలాము చెప్పి, పొలం సంగతి రెండు ముక్కలు పలికి, గొంతు సవరించుకొని లేచిపోయేవాడు. దమ్మాంలోనో దుబాయిలోనో ఒక గదిలో పదిమంది దాని చుట్టూ కూర్చొని వినేవారు. మాట్లాడుతున్నది తమ తల్లి కాకపోయినా వినేవారు. వెల్గటూరు, కోరుట్ల, సిరిసిల్ల వైపు నలభై దాటినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనవసరం లేదు.

నేడు పాడ్‌కాస్ట్ అంటున్నది మాకు మొదట ఆ క్యాసెట్టు రూపంలోనే అర్థమయింది. ఒకచోట భద్రపరచిన ధ్వని ఫైలు, కొత్తది చేరినప్పుడల్లా వినేవారి ఫోనుకు తనంతట తానే కబురందించే ఒక జాబితా, ఇంతే దాని నిర్మాణం. ఆ జాబితాను ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ అనే రెండు మాటలు అతికి 2004లో ఈ పేరు పుట్టింది. మరుసటి ఏడు ఆపిల్ సంస్థ తన ఐట్యూన్స్‌లో దీనికి చోటివ్వడంతో లోకమంతటా పాకింది.

వీడియో కాల్ ఉన్న కాలంలో ఇది దేనికని కొందరు మమ్మల్ని అడిగారు. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు, దుబాయి గడియారం గంటన్నర వెనుక నడుస్తాయి. అక్కడివాడు పని ముగించి, ఇషా నమాజు చదువుకొని, వండుకొని తిని మంచం మీద వాలేసరికి ఇక్కడి ఇల్లు నిద్రపోతూ ఉంటుంది. ఇద్దరూ మేలుకొని ఉంటేనే ఫోను పనికొస్తుంది. రికార్డు చేసిన మాట మాత్రం ఎదురుచూస్తుంది.

ఈ పనిని మన తెలంగాణలోనే ముందుగా చేసి చూపినవారున్నారు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు గ్రామంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళలు నడిపే సంగం రేడియో గురించి పాఠకులలో కొందరు వినే ఉంటారు. యునెస్కో సహాయంతో వారి స్టూడియో గత శతాబ్దం చివరి సంవత్సరాల్లోనే రూపుదిద్దుకుంది. ప్రసారానికి మాత్రం అనుమతి రాలేదు. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పినప్పటికీ, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో తలుపు తెరిచే విధానం 2006లో గాని వెలువడలేదు. ఆ ఎదురుచూపు కాలంలో ఆ స్త్రీలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, తమ పాటలు, తమ వంటల గురించి క్యాసెట్ల మీద కార్యక్రమాలు తయారు చేసి, సంఘం సమావేశాల్లో టేపురికార్డరు పెట్టి వినిపించారు. చివరకు 2008 అక్టోబరు 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై వారి గొంతు గాలిలోకి చేరింది. స్టూడియో బాధ్యతలు మోసిన జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మలకు ఆ పని అప్పటికే కొట్టినపిండి. ట్రాన్స్‌మిటర్ రాకముందే వారికి శ్రోతలున్నారు.

మన పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. ట్రాన్స్‌మిటరు జేబులోనే ఉంది, రేడియోకు వలె లైసెన్సు బెడద లేదు, శ్రోతలే లేరు. మా మదర్సాలో పై తరగతుల విద్యార్థులు పాడ్‌కాస్ట్ ప్రారంభిద్దామని వచ్చినప్పుడు వారి మొదటి ప్రశ్న ఏ మైకు కొనాలన్నదే. మేము వారికి ఒక కాగితమిచ్చి, దీన్ని వింటారని మీరు నమ్మే ఇరవై మంది పేర్లు రాసుకురండి అన్నాము. మొదట నవ్వుకున్నారు. జాబితా పూర్తి కావడానికి రెండు రోజులు పట్టింది. రియాద్‌లో లారీ నడిపే అన్న, కోరుట్లలో బీడీలు చుట్టే ఖాలా, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే బావ, మస్కట్‌లో వంటమనిషిగా ఉన్న మామ. ఆ కాగితమే మిగిలిన ప్రశ్నలకు జవాబిచ్చింది. బీడీలు చుట్టేవారి చేతులకూ కళ్ళకూ తీరిక ఉండదు, చెవులు మాత్రం ఖాళీ. అందువల్ల మాటే చాలు, బొమ్మ అక్కరలేదు. సాంచాల చప్పుడులో నెమ్మది గొంతు వినబడదు, కాబట్టి మాట స్పష్టంగా ఉండాలి. లారీ డ్రైవరుకు ఇరవై నిమిషాలు మించితే వినడం కష్టమని అతడే చెప్పాడు. ఇక విషయం. బయానులు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. దూరాన ఉన్నవారు అడిగింది ఊరి సంగతి. ఎల్లంపల్లి జలాశయం నీటిలో కలిసిపోయిన మా మండలంలోని పల్లెలు, ఆ పల్లెల బావులు, చెట్లు, పెళ్ళిళ్ళు. దాన్నే ఎంచుకున్నాము.

సామగ్రి విషయంలో మేము చెప్పగలిగింది కొద్దిగానే. ఇంట్లో ఉన్న ఫోను, దానికి తగిలించే కాలరు మైకు చాలు. మాకు వెయ్యి రూపాయలు కూడా కాలేదు. డబ్బు కంటే గదే ముఖ్యం. మా మొదటి రికార్డింగు తరగతి గదిలో చేశాము. నాపరాళ్ళ నేల, ఖాళీ గోడలు, ఎత్తయిన కప్పు. విని చూస్తే బావిలో నుంచి మాట్లాడినట్టుంది. రెండవసారి బొంతలూ పరుపులూ పేర్చిన చిన్న సామాను గదిలో కూర్చున్నాము, ప్రతిధ్వని మాయమయింది. ఫ్యాను ఆపాలి, చెమట పట్టినా సరే. ఫోనును విమానం మోడ్‌లో ఉంచాలి. ఫోనులోనే మాట్లాడేటప్పుడు అది నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంటే ఊపిరి తగలదు. మాట మొదలుపెట్టే ముందు అర నిమిషం మౌనంగా ఉండి ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయాలి. తర్వాత రొదను తగ్గించే సాఫ్ట్‌వేరుకు ఆ నమూనాయే ఆధారం. కంప్యూటరులో కత్తిరింపులకు ఆడాసిటీ అనే ఉచిత సాధనం సరిపోతుంది. మాట మాత్రమే ఉన్న ఇరవై నిమిషాల ఫైలును 64 కిలోబిట్ల మోనో ఎంపీ3గా మారిస్తే పది మెగాబైట్ల లోపే ఉంటుంది. డేటా లెక్కపెట్టుకొని వాడుకునే శ్రోతకు ఇది చిన్న మేలు కాదు. ఆరంభంలో ఎవరిదో పాటను ఎత్తి అతికించడం మాత్రం వద్దు. అది మరొకరి సొత్తు.

భాష దగ్గర మేమే బోల్తాపడ్డాము. ముప్పై ఏళ్ళుగా రాతకు అలవాటుపడిన చేయి గనుక మొదటి భాగానికి ఆరు పేజీలు రాసుకొని చదివాము. విన్న విద్యార్థి ఒకడు తలవంచుకొని, "హజ్రత్, కితాబు చదివినట్టుంది" అన్నాడు. నిజమే. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు మాట్లాడే మనవాళ్ళు ఒకే వాక్యంలో రెంటినీ కలిపి పలుకుతారు. ఆ కలగలుపును దిద్దబోతే మనిషి మాయమై వ్యాసం మిగులుతుంది. నాటి నుంచి అయిదారు ప్రశ్నలు మాత్రమే కాగితం మీద రాసుకుంటున్నాము. స్త్రీలతో మాట్లాడే పని మదర్సాలోని ఆపా, ఆమె చెల్లెలు తీసుకున్నారు. మా కంటే ఆ ఇద్దరి ముందే వారు ఎక్కువ మాట్లాడతారు.

ఇప్పుడు చెప్పబోయేది మాకు సులువుగా నోట రాని సంగతి. మా నాలుగవ భాగం ఒక వృద్ధురాలితో, ముంపునకు గురైన పల్లె నుంచి వచ్చిన ఒక నానీమాతో జరిగింది. ఆపా అడుగుతూ పోయింది, ఆమె నలభై నిమిషాలు మాట్లాడింది. జామచెట్టు, బావిగట్టు, చివరిసారి ఇంటికి తాళం వేసిన రోజు. ఆ వరుసలోనే, వచ్చిన పరిహారాన్ని కొడుకులిద్దరూ పంచుకున్న తీరు, చిన్నవాడు పలికిన ఒక మాట కూడా చెప్పింది. కత్తిరింపు చేసిన కుర్రవానికి ఆ భాగమే అన్నిటికంటే బాగుందనిపించింది. మాకూ అలాగే అనిపించింది. ఇందులో అతని తప్పు కంటే మా తప్పే పెద్దది. శుక్రవారం పెట్టాము. ఆదివారం నాటికి అది గల్ఫ్‌లో ఉన్న ఆ చిన్నకొడుకు గదికి చేరింది. అతడు పదిమంది మధ్య విన్నాడు. వెంటనే తీసివేశాము గాని, వాట్సాప్‌లో అప్పటికే చేతులు మారినదాన్ని వెనక్కు పిలవడం ఎవరి తరమూ కాదు. నలభై రోజులు అతడు తల్లికి ఫోను చేయలేదు.

మేము వారి ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరాము. ఆమె కోపగించుకోలేదు. "ఆపా అడిగింది, నేను చెప్పిన, మౌల్సాబ్. లోకానికి చెప్తరనుకోలె" అన్నది.

సభలో విన్న మాట అమానతు అని మేమే పిల్లలకు బోధిస్తాము. మైకు ముందున్నవారికి తాము సభలో ఉన్నామన్న సంగతే గుర్తుండదని మాకు అప్పుడు తెలిసింది. ఎదుట కూర్చున్న మనిషి ఒక్కరే కనిపిస్తారు, వెనుక ఉన్న వేలమంది కనిపించరు. అందుచేత ఇప్పుడు కత్తిరింపులు పూర్తయిన తర్వాత ఫైలును మాట్లాడినవారి ఇంటికి తీసుకెళ్ళి మొదటి నుంచి చివర దాకా వినిపిస్తాము. వద్దన్న ముక్కను కారణమడగకుండా తీసివేస్తాము. అక్కడ లేని మనిషి పేరు వస్తే, ఎంత చిన్న సంగతి అయినా, ఆ మనిషినీ అడుగుతాము. ఒక రాత్రి గడిచాకే పెడతాము. దీనివల్ల వారానికొకటి వచ్చేది రెండు వారాలకొకటి అయింది.

మదర్సాలో చదివినవానికి మరొక అలవాటు అక్కరకొస్తుంది. హదీసు విద్యలో మాటకు ముందు ఇస్నాద్ ఉంటుంది: ఎవరు ఎవరి నుంచి విన్నారన్న గొలుసు. వీసాల గురించి, ఏజెంట్ల గురించి మా శ్రోతలు పంపే ఫార్వర్డ్ సందేశాలకు ఆ గొలుసులో ఒక్క కడియైనా ఉండదు. ఒక తప్పుడు మాట విని ఎవరైనా లక్షలు అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పెడితే ఆ పాపంలో మాకూ వాటా ఉంటుంది. అటువంటి విషయం వచ్చినప్పుడు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో నమోదైన ఏజెంట్ల జాబితా ఉంటుందని, అందులో పేరు చూసుకోమని చెప్పి ఊరుకుంటాము. మేము విన్నది ఎవరి నుంచో ప్రతి భాగంలోనూ పేరుతోనో, వారు వద్దంటే వరుసతోనో చెబుతాము.

పెట్టే పద్ధతి కష్టమైనది కాదు. హోస్టింగు సేవ ఒకదానిలో ఖాతా తెరిచి, పేరు, నాలుగు వాక్యాల పరిచయం, చదరపు బొమ్మ ఒకటి ఇవ్వాలి. బొమ్మ 1400 నుంచి 3000 పిక్సెళ్ళ మధ్య ఉంటే ఆపిల్ అంగీకరిస్తుంది. వచ్చిన ఫీడ్ చిరునామాను స్పాటిఫై, ఆపిల్ వంటి చోట్ల ఒకసారి నమోదు చేస్తే చాలు, ఆపైన ఒకచోట పెట్టినది అన్నిచోట్లకూ చేరుతుంది. మా శ్రోతలలో సగం మందికి ఈ యాప్‌లేవీ తెలియవు. వారికి వాట్సాప్‌లోనే పంపుతాము, అందులో చిన్నతనమేమీ లేదు. రెండు మూడు భాగాలు సిద్ధం చేసుకొని మొదలుపెట్టడం మంచిది, లేకుంటే పరీక్షల నెలలో ఆగిపోతుంది. మాకు ఆగిపోయింది కూడా.

అసలు రికార్డింగులను మాత్రం ఏ సంస్థ చేతిలోనూ వదలకూడదు. గూగుల్ అంతటి సంస్థ తన పాడ్‌కాస్ట్ యాప్‌ను 2024లో మూసివేసింది. మా దగ్గర ప్రతి రికార్డింగూ కత్తిరించకముందు ఉన్న రూపంలో రెండు చోట్ల ఉంటుంది: ఆఫీసు కంప్యూటరులో ఒకటి, అల్మారాలో తేదీ రాసిన కవరులో మెమరీ కార్డు మీద ఒకటి. నానీమా మాటలు ఇప్పుడు ఆ కవరులో తప్ప మరెక్కడా మేము ఉంచలేదు. పోయిన రంజానుకు సెలవు మీద వచ్చిన ఆమె చిన్నకొడుకు తరావీహ్ తర్వాత మా దగ్గరకు వచ్చి, కాసేపు అటూఇటూ మాట్లాడి, అది ఇంకా ఉందా అని అడిగాడు. తన ప్రస్తావన ఉన్న ముక్క తీసివేసి ఇమ్మంటావా అన్నాము. వద్దన్నాడు, నలభై నిమిషాలూ కావాలన్నాడు. ముందు అమ్మను అడిగి రమ్మన్నాము. మరునాడు ఆమెనే వెంటబెట్టుకొని వచ్చాడు, పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాము.