లినక్స్ వేశాక వైఫై ఎందుకు రాలేదు?

పిల్లల చదువు కోసం ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఎవరో డెబియన్ లినక్స్ వేసిస్తారు. స్క్రీన్ వస్తుంది, కీబోర్డు పని చేస్తుంది, వైఫై మాత్రం కనిపించదు. మెషీన్ పాడైపోయిందని అనుకుంటాం. చాలాసార్లు పాడైందేమీ ఉండదు. వైఫై చిప్‌ను నడిపించే చిన్న ప్రోగ్రామ్‌ను, అంటే ఫర్మ్‌వేర్‌ను, అందులో పెట్టలేదంతే. మరచిపోయి కాదు, కావాలనే!

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టారు. నడిపేది వాలంటీర్లు. ఉబుంటు కూడా దీని మీదే తయారైంది. ఇందులో ఏ సాఫ్ట్‌వేర్‌ను చేర్చాలన్న దానికి 1997లో వాళ్లు ఒక సామాజిక ఒప్పందం రాసుకున్నారు. 'మెయిన్' అనే అసలు విభాగంలోకి రావాలంటే ఫ్రీగా దొరికితే సరిపోదు. సోర్స్ కోడ్ ఇవ్వాలి. ఎవరైనా, ఏ పనికైనా వాడుకునే, మార్చుకునే, పంచుకునే, చివరికి అమ్ముకునే హక్కు కూడా ఉండాలి. కొత్త ప్యాకేజీ వస్తే ఒక బృందం కూర్చొని దాని లైసెన్సు చదువుతుంది.

ఈ నియమం ఎంత గట్టిదో ఒక ఉదాహరణ చూడండి. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే ప్రోగ్రామర్ తన సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదని లైసెన్సులో రాశారు. వినడానికి బాగానే ఉంది కదా? డెబియన్ ఒప్పుకోలేదు. ఏది మంచో, ఏది చెడో ఎవరు తేల్చాలి? ఫలానా పనికి వాడొద్దని షరతు పెడితే అది మెయిన్‌లోకి రాదు, అంతే.

మరి వైఫై సంగతి? చాలా కంపెనీలు ఫర్మ్‌వేర్ సోర్స్ కోడ్ ఇవ్వవు. అందుకే ఏళ్ల తరబడి డెబియన్ అధికారిక ఇన్‌స్టాలర్‌లో దానికి చోటు దొరకలేదు. ఫర్మ్‌వేర్ ఉన్న అనధికారిక ఇన్‌స్టాలర్ వేరేగా ఉండేది గానీ, కొత్తవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నెట్ నుంచి ఫర్మ్‌వేర్ తెచ్చుకుందామంటే ఆ నెట్ రావడానికే ఫర్మ్‌వేర్ కావాలి! చివరికి 2022లో డెబియన్ సభ్యులు ఓటేసి ఒప్పందాన్నే సవరించుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. అయితే మెయిన్‌లో కలపకుండా దానికి వేరే విభాగం పెట్టారు. వద్దనుకునేవాళ్లు ఆపేసుకోవచ్చు.

లైసెన్సు సరిపోయినా పని అయిపోదు. ప్యాకేజీని ఎవరో ఒకరు చూసుకోవాలి. మన లోహిత్ తెలుగు ఫాంట్ కూడా అక్కడ ఒక ప్యాకేజీయే. పెద్ద లోపం వచ్చినా బాగుచేసే వాళ్లు లేకపోతే ఆ ప్యాకేజీని తర్వాతి వెర్షన్‌లోంచి తీసేస్తారు.

పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేయించేటప్పుడు 12 గానీ, ఆ తర్వాతి వెర్షన్ గానీ అడగండి. వైఫై తలనొప్పి చాలావరకు తప్పుతుంది.