స్త్రీ వాంఛ: ఫిఖహ్ గ్రంథాలు, నేటి మనస్తత్వ శాస్త్రం

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఒక గది, ఒక వంటిల్లు గల అద్దె పోర్షన్లలో కాపురముండే కార్మిక కుటుంబాలు అనేకం. భర్త రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే వేళకు భార్య పిల్లలను బడికి పంపుతూ ఉంటుంది, లేదా తానే పనికి బయలుదేరుతుంది. ఇద్దరూ ఇంట ఉన్న రాత్రి అదే గదిలో పిల్లలు, ఒక్కోసారి అత్తగారు కూడా పడుకుంటారు. ఇట్టి ఇళ్ళలో స్త్రీకి దాంపత్య సుఖంపై ఆసక్తి తగ్గితే, అది ఆడదాని స్వభావమని సరిపెట్టుకుంటారు. ఆ కోరిక ఉన్నట్లు తెలిస్తే సిగ్గులేనిదంటారు. ఈ రెండు మాటలకూ మూలం ఒకే అజ్ఞానం.

అన్సారీ మహిళ హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి, సత్యం విషయంలో అల్లాహ్ సిగ్గుపడడని విన్నవించి, స్త్రీకి స్వప్నస్ఖలనమైతే స్నానం విధియా అని అడిగారు. తడి కనిపిస్తే విధియేనని సమాధానం లభించింది. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ హదీసు ఉంది. తహారత్ అధ్యాయం చదివిన ప్రతి మదరసా విద్యార్థికీ తెలిసిన విషయమే ఇది. పెళ్ళయ్యాక అతనికి గుర్తుండకపోవడమే విచిత్రం! ఐరోపాలో ఫ్రాయిడ్ 1926లో కూడా స్త్రీ లైంగిక జీవితాన్ని చీకటి ఖండమన్నాడు. స్త్రీలకూ అట్టి స్వప్నాలు కలుగుతాయని అమెరికాలో కిన్సే బృందం 1953లో లెక్కలతో సహా ప్రకటించింది.

ఇక కోరిక ఎలా పుడుతుందన్నది ప్రశ్న. ముందు కోరిక, పిదప ఉద్రేకం, ఆపై తృప్తి అన్న వరుసనే వైద్యులు చాలాకాలం స్త్రీపురుషులిద్దరికీ వర్తింపజేశారు. కెనడా వైద్యురాలు రోజ్మేరీ బాసన్ 2000లో దీనిని ప్రశ్నించారు. దీర్ఘకాలం కాపురం చేస్తున్న స్త్రీలలో చాలామందికి కోరిక దానంతటదిగా ముందు రాదు. సాన్నిహిత్యం, ఆప్యాయమైన మాట, భయం లేని ఏకాంతం, తొందరపెట్టని స్పర్శ లభించినప్పుడు శరీరం స్పందిస్తుంది, ఆ స్పందనలోంచే కోరిక మేల్కొంటుంది. స్త్రీలందరికీ ఇదే వర్తించదు, కొందరిలో కోరికే ముందుంటుంది. అయినా అలసటను, ఏకాంతలేమిని ‘చల్లదనం’గా పొరబడేవారికి ఈ వివరణ చాలు.

505 హిజ్రీలో (1111) మరణించిన ఇమామ్ గజాలీ ‘ఇహ్యా’లోని వివాహ మర్యాదల ప్రకరణాన్ని ఈ సందర్భంలో మళ్ళీ చదవాలి. మొదట మాటలు, ముద్దులు ఉండాలంటారాయన. భర్త తన అవసరం తీరగానే లేచిపోరాదని, భార్యకు తృప్తి ఆలస్యంగా కలగవచ్చని, అప్పుడు వదిలి వెళ్ళడం ఆమెకు బాధాకరమని స్పష్టంగా రాశారు. నాలుగు రాత్రులకొకసారి ఆమెను చేరడం న్యాయమంటూనే, ఆమె అవసరాన్ని బట్టి దానిని పెంచాలి, తగ్గించాలి అన్నారు. కొలమానం భార్య అవసరమే!

పడకకు పిలిచినా రాని భార్యను గురించిన హదీసును కొందరు వెంటనే ముందుకు తెస్తారు. అది ప్రామాణికమైనదే. కాని రాత్రంతా నమాజులో గడుపుతూ భార్యను పట్టించుకోని హజ్రత్ అబూ దర్దా (రజి)కు, ఇంటివారికీ నీపై హక్కుందని హజ్రత్ సల్మాన్ (రజి) చెప్పగా, ఆ మాట నిజమని దైవప్రవక్త (స) ధ్రువీకరించిన హదీసు కూడా బుఖారీలోనే ఉంది. మొదటిదానినే వల్లిస్తూ రెండవదానిని దాటవేయడం న్యాయం కాదు.

మదీనా వీధుల్లో రాత్రి గస్తీ తిరుగుతూ, యుద్ధానికి వెళ్ళిన భర్త కోసం ఒక స్త్రీ పడుతున్న విరహవేదన విన్న హజ్రత్ ఉమర్ (రజి), భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు. సమాధానం నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లోనూ, ఆరు నెలలని మరికొన్నింట్లోనూ ఉంది. సైనికులను అంతకుమించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఆయన ఆదేశించారు. రెండేళ్ళ ఒప్పందంపై గల్ఫ్ వెళ్ళే భర్తలు దీనిని ఆలోచించాలి. మన దేశంలో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం కూడా, తగిన కారణం లేకుండా మూడేళ్ళు దాంపత్య ధర్మం నెరవేర్చని భర్త నుండి విడిపోయే హక్కును భార్యకు ఇచ్చింది.

అయితే కోర్టుదాకా వెళ్ళేవారు కొద్దిమందే. చెప్పుకోలేని బాధ తరచు నడుమునొప్పిగా, నీరసంగా, తెల్లబట్టగా ఆసుపత్రికి చేరుతుంది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం 2005లో వెలువరించిన పరిశోధనలో, తెల్లబట్ట ఫిర్యాదుకు క్రిముల సంక్రమణ కంటే మానసిక, సాంఘిక కారణాలతోనే దగ్గరి సంబంధం కనిపించింది. నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికైనా, గల్లీలోని డాక్టరమ్మ వద్దకైనా అట్టి ఫిర్యాదుతో వచ్చిన స్త్రీకి పరీక్షలు చేయించాలి. వాటితోపాటు భర్తది ఏ షిఫ్టు, రాత్రి ఆ గదిలో ఎందరు పడుకుంటారు అని కూడా అడగాలి.